తెలిసిన పనికి పేటెంటా? ‘ఇట్టే తట్టేది’ ఏదో తేల్చేది ఎవరు

మన దేశంలో 2023-24 ఆర్థిక సంవత్సరంలో 1,03,057 పేటెంట్లు మంజూరయ్యాయి. అంతకు ముందటి ఏడాది మంజూరైనవి 34,134. అదే కాలంలో కొత్త దరఖాస్తులు 82,811 నుంచి 92,168కి చేరాయి. అంటే దరఖాస్తులు పదకొండు శాతం పెరిగితే మంజూరులు మూడు రెట్లయ్యాయి. పేరుకుపోయిన ఫైళ్లు కదలడం మంచిదే. కానీ ఒక్కో పేటెంటు అంటే ఇరవై ఏళ్ల కంచె. కంచె లోపలి పనిని మరొకరు చేసి అమ్ముకోవాలంటే పేటెంటుదారు అనుమతి కావాలి. అందుకే ఎన్ని ఇచ్చారన్న లెక్కతో పాటు, వేటికి ఇచ్చారన్న లెక్క కూడా చూడాలి.

ఈ చర్చ నాందేడ్ జిల్లా తెలుగు బడులకు ఎందుకన్న ప్రశ్న రావచ్చు. రెండు కారణాలున్నాయి. మొదటిది, పేటెంటు అన్న మాట ఇప్పుడు బడి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ప్రభుత్వ బడుల్లో అయిదేళ్లలో 50 వేల అటల్ టింకరింగ్ ల్యాబులు పెడతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. విద్యార్థులకు మేధోసంపత్తి హక్కుల గురించి చెప్పే నిపమ్ కార్యక్రమం 2021 డిసెంబరు నుంచి నడుస్తోంది. విద్యాసంస్థలకు పేటెంటు ఫీజుల్లో 80 శాతం తగ్గింపు కూడా అదే ఏడాది వచ్చింది. రెండోది ఇంతకంటే లోతైనది. ఒక ఆలోచన కొత్తదా, అందరికీ ఇట్టే తట్టేదా అని తేల్చడానికి చట్టం వాడే కొలబద్ద ‘ఆ పని తెలిసిన మనిషి’. దెగ్లూర్‌లో, బిలోలీలో, ధర్మాబాద్‌లో, కిన్వట్‌లో ఆ మనిషి చాలాసార్లు తెలుగు మాట్లాడతాడు. అతనికి తెలిసినది పేటెంటు ఆఫీసు చెవికి చేరుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మూడు గడపలు

పేటెంటు కావాలంటే ఒక ఆవిష్కరణ మూడు గడపలు దాటాలి. అది కొత్తదై ఉండాలి. పరిశ్రమలోనో వ్యవసాయంలోనో వాడకానికి పనికి రావాలి. ఈ రెండింటి మధ్య మూడో గడప ఉంది: కొత్తదైనంత మాత్రాన చాలదు, ఆ రంగంలో పని తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదు. దీన్ని చట్టం ‘ఇన్వెంటివ్ స్టెప్’ అంటుంది. 1970 నాటి పేటెంట్ల చట్టం సెక్షన్ 2(1)(జేఏ)లో దీని నిర్వచనం ఉంది. అప్పటిదాకా ఉన్న జ్ఞానంతో పోల్చితే సాంకేతికంగా ముందడుగు కావాలి, లేదా ఆర్థికంగా ప్రాధాన్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. దానితో పాటు ఆ పని తెలిసినవాడికి తేటతెల్లంగా తోచేది కాకూడదు.

వినడానికి సులువుగానే ఉంది. ఆచరణలో పేటెంటు చట్టంలో ఇంతకంటే చిక్కు ప్రశ్న మరొకటి లేదు. మూడు కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ చిక్కు అర్థమవుతుంది.

మొదటిది: పసుపు

నాందేడ్ మోంఢాకు పసుపు కొత్త కాదు. పక్కనున్న హింగోలీ జిల్లాలో వసమత్ పసుపుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోదావరి దాటితే నిజామాబాద్. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం 2025లో అక్కడే మొదలైంది. ఇటు, అటు ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా ముందు చేయి వెళ్లేది పసుపు డబ్బా మీదికే.

అదే పసుపును గాయం మానడానికి వాడే పద్ధతి మీద 1995 మార్చిలో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు వచ్చింది. దాని సంఖ్య 5,401,504. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి, సీఎస్ఐఆర్, అప్పటి డైరెక్టర్ జనరల్ ఆర్.ఎ. మశేల్కర్ నేతృత్వంలో 1996లో దాన్ని సవాలు చేసింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది.

ఈ కథను మనం గర్వంగా చెప్పుకుంటాం. అయితే గెలుపు ఎలా వచ్చిందన్నది అంతగా చెప్పుకోం. అప్పటి అమెరికా చట్టం ప్రకారం బయటి దేశాల్లో జనం ఒక పని చేస్తున్నారన్నది లెక్కకు రాదు. అది ఎక్కడైనా పేటెంటుగానో, అచ్చులోనో ఉండాలి. కోట్ల ఇళ్లలో పసుపు వాడుతున్నారన్నది సాక్ష్యంగా చెల్లలేదు. సీఎస్ఐఆర్ సంస్కృత, ఉర్దూ, హిందీ మూలాలతో కలిపి 32 ఆధారాలు వెతికి పెట్టాల్సి వచ్చింది. వాటిలో 1953లో భారతీయ వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం ఒకటి. పసుపు రాసిన చేయి గెలవలేదు, పసుపు గురించి రాసిన కాగితం గెలిచింది. కాగితం లేని జ్ఞానం ఎంత పాతదైనా ఆ రోజు ఓడిపోయేదే. ఆ దేశ చట్టంలో ఈ తేడా 2013లో గానీ పోలేదు.

పసుపు కేసు ఒక రకంగా తేలికైనది. అక్కడ కొత్తదనమే లేదు కాబట్టి మొదటి గడపలోనే ఆగిపోయింది. అసలు చిక్కు రెండో కేసులో ఉంది.

రెండోది: మీర్జాపూర్ లేతు

ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ ఇత్తడి సామానుకు పేరు పడ్డ ఊరు. పాత్రను లేతు మీద బిగించి తిప్పుతూ నునుపు చేసి మెరుగు పెడతారు. పాత పద్ధతిలో పట్టు సరిగా లేక తిరుగుతున్న పాత్ర ఎగిరిపడే ప్రమాదం ఉండేది. హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే సంస్థ పాత్రను రెండో వైపు నుంచి మొనతో నొక్కి పట్టే ఏర్పాటు చేసి, 1951 నుంచి వర్తించేలా పేటెంటు తీసుకుంది. అదే ఊళ్లో పాత్రలు చేసే బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ అనే సంస్థ తమ పద్ధతిని వాడుతోందని కోర్టుకెక్కింది.

అలహాబాద్ హైకోర్టులో ఏకసభ్య ధర్మాసనం పేటెంటును రద్దు చేసింది. ద్విసభ్య ధర్మాసనం దాన్ని నిలబెట్టింది. చివరికి 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఆ ఏర్పాటు అంతకు ముందు అచ్చంగా అలాగే లేకపోవచ్చు. కానీ లేతుకు రెండో వైపు నుంచి ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్ ఆ పరిశ్రమకు ఎప్పటి నుంచో తెలుసు. పాత్ర జారిపోతోందంటే లేతు పని తెలిసినవాడు ఎవరైనా చేసే పనే అది. వర్క్‌షాపులో రోజూ జరిగే చిన్న మెరుగుదలకు పేటెంటు రాదని కోర్టు తేల్చింది. దానితో పాటు ఇప్పటికీ వాడుతున్న ఒక పరీక్ష చెప్పింది. సమర్థుడైన పనివాడి ముందు సమస్యను, అప్పటిదాకా ఉన్న జ్ఞానాన్ని పెట్టండి. పేటెంటుదారు చూపిన దారి మాత్రం చూపించకండి. ‘నాకు కావలసింది ఇందులోనే ఉంది’ అని అతను అనగలిగితే, అందులో ఆవిష్కరణ లేనట్టే.

ఈ ఆలోచన మన కోర్టులతోనే మొదలు కాలేదు. 1851లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు తలుపు పిడుల కేసు ఒకటి వచ్చింది. చెక్కకు, లోహానికి బదులు మట్టితో, పింగాణీతో పిడి చేసి తలుపుకు బిగించారు. బిగించే పద్ధతి పాతదే. ఒక మంచి పదార్థాన్ని ఎంచుకోవడం నేర్పున్న పనివాడి పని తప్ప ఆవిష్కర్త పని కాదని కోర్టు అంది.

మీర్జాపూర్ కేసులో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పేటెంటుకు, తుది తీర్పుకు మధ్య 27 ఏళ్లు గడిచాయి. పొరపాటున పడిన కంచెను తీయడం అంత సుదీర్ఘమైన పని. పడకముందే చెప్పగలిగితే ఆ బాధ ఉండదు.

మూడోది: ఆసు యంత్రం

ఇప్పుడు మన భాషవాళ్ల కేసు. తెలంగాణలో ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం పోచంపల్లి నేత కుటుంబంలో పుట్టారు. చదువు బడిలోనే ఆగిపోయింది. ఇక్కత్ చీరకు రంగులద్దే ముందు నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ పోయాలి. అదే ఆసు పోయడం. ఒక చీరకు చేయి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసి మొదలుపెట్టిన యంత్రాన్ని ఆయన 1999లో పూర్తి చేశారు. గంటల తరబడి సాగే పని గంటన్నరకు దిగింది. ‘లక్ష్మీ ఆసు యంత్రం’గా దానికి పేటెంటు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఆ యంత్రంలో ఏముంది? మోటారు ఉంది, చక్రం ఉంది, మేకులున్నాయి. విడివిడిగా ఏదీ కొత్తది కాదు. మీర్జాపూర్‌లోనూ అంతే కదా, మరి తేడా ఎక్కడ? ఆసు నొప్పి తరతరాలుగా అందరికీ తెలుసు. ఆసు పని తెలిసినవాళ్లు వేల ఇళ్లలో ఉన్నారు. మోటారు తెలిసినవాళ్లు ఊరూరా ఉన్నారు. అయినా ఎవరికీ ఆ దారి తట్టలేదు. అవసరం అంత కాలం ఉండి, పరికరాలు చేతిలో ఉండి, అయినా ఎవరూ చేయలేదంటే అది ఇట్టే తట్టేది కాదనడానికి గట్టి ఆనవాలు. వస్తువులను కలపడంలోనే ఆవిష్కరణ ఉండవచ్చు. తెలిసిన వస్తువులను కొత్త వరసలో పేర్చి, ఒక్కోటి ఎప్పటిలా తన పని తాను చేసుకుపోతుంటే మాత్రం సెక్షన్ 3(ఎఫ్) దాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోదు.

పొడుపుకథ విప్పాక

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. పొడుపుకథ విప్పాక ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. విప్పకముందు బుర్ర బద్దలు కొట్టుకున్న సంగతి మరిచిపోతాం. ఆవిష్కరణా అంతే. చూశాక ప్రతిదీ తేలికగానే కనిపిస్తుంది. పరిశీలకుడు ఈ వలలో పడితే మల్లేశం లాంటివాళ్ల దరఖాస్తులే ముందు తిరస్కారానికి గురవుతాయి. ఎందుకంటే అవి చూడడానికి సాదాగా ఉంటాయి, వాటి వెనక పెద్ద లాబొరేటరీ పేరు ఉండదు.

2022 నవంబరులో ఆవెరీ డెనిసన్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఈ సంగతే చెప్పింది. సాదాగా ఉండటం వేరు, ఇట్టే తట్టడం వేరు. ఒక చిన్న మార్పు అంత తేలికైనదే అయితే, పాత పరికరం వచ్చిన ఇన్నేళ్లలో ఇంకెవరూ ఎందుకు చేయలేదని అడగడం మంచి పరీక్ష అని కోర్టు అభిప్రాయపడింది.

అంటే తప్పు రెండు వైపులా జరగవచ్చు. అందరికీ తెలిసిన పనికి కంచె వేస్తే రైతు, పనివాడు నష్టపోతారు. అసలైన ఆలోచనను తేలికని కొట్టేస్తే చదువుకోని ఆవిష్కర్త నష్టపోతాడు. రెండు తప్పులకూ మందు ఒకటే: ఆ పని నిజంగా తెలిసినవాళ్లకు ఏం తెలుసో, ఏం తెలియదో కచ్చితంగా తెలుసుకోవడం.

ఆ మనిషి ఏ భాష మాట్లాడతాడు?

మహారాష్ట్ర దరఖాస్తులు ముంబై పేటెంటు ఆఫీసుకు వెళ్తాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌వి చెన్నైకి వెళ్తాయి. ఎక్కడైనా దరఖాస్తు వివరణ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. తెలుగు చెల్లదు, మరాఠీ కూడా చెల్లదు. పరిశీలకుడు వెతికే పాత పేటెంట్లు, వ్యాసాలు ఎక్కువగా ఇంగ్లీషులోనివే. సంప్రదాయ జ్ఞానం కోసం 2001లో మొదలైన డిజిటల్ గ్రంథాలయం, టీకేడీఎల్, ఉంది. ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, యోగ గ్రంథాల నుంచి లక్షల యోగాలను అయిదు అంతర్జాతీయ భాషల్లోకి మార్చి పేటెంటు ఆఫీసులకు అందుబాటులో పెట్టారు. పసుపు పాఠం నుంచి పుట్టిన మంచి పని అది. కానీ దాని పునాది గ్రంథాలు. పుస్తకానికెక్కని పొలం పద్ధతి, మగ్గం కిటుకు, వంటింటి చిట్కా అందులోకి వాటంతట అవి చేరవు.

అయితే మన చట్టంలో చాలామంది గమనించని ఒక తలుపు ఉంది. పేటెంటు మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చని సెక్షన్ 25(1) అంటుంది. అందుకు చూపగల కారణాల్లో (ఇ) ‘ఇట్టే తట్టేది’ అన్నది. (కె) ఇంకా విశాలం: భారతదేశంలో గానీ మరెక్కడైనా గానీ స్థానిక, దేశీయ సమాజంలో ఉన్న జ్ఞానం, అది నోటిమాటగా ఉన్నా సరే, ఆ ఆవిష్కరణను ముందే సూచించి ఉంటే అభ్యంతరం చెల్లుతుంది. సెక్షన్ 3(పి) ప్రకారం సంప్రదాయ జ్ఞానమే అయినదాన్ని ఆవిష్కరణగా లెక్కించరు. అమెరికాలో పసుపు కేసు నాడు చెల్లని నోటిమాట ఇక్కడ చెల్లుతుంది. ఆ మాట ఏ భాషలో ఉండాలని చట్టం అడగదు. కాకపోతే సాక్ష్యాన్ని ప్రమాణపత్రంగా రాసి, అనువాదం జతచేసి ఇవ్వాలి. బిలోలీ తాలూకాలో ఒక పెద్దాయన తెలుగులో చెప్పిన సంగతి ఈ దారిలో ముంబై ఆఫీసు బల్ల మీదికి వెళ్లగలదు. దాన్ని రాసి, హిందీలోకో ఇంగ్లీషులోకో మార్చి పెట్టే మనిషి కావాలి.

ఈ తలుపు కాస్త బిగుసుకుంటున్న మాటా నిజం. 2024 మార్చి 15న నోటిఫై చేసిన సవరణ నిబంధనల ప్రకారం, మంజూరుకు ముందు చెప్పే అభ్యంతరం విచారణకు తగినదా కాదా అని కంట్రోలర్ ముందుగా చూస్తారు. ఇంతకు ముందు లేని ఫీజు కూడా పెట్టారు. ఒకరి తరువాత ఒకరితో ఉత్తుత్తి అభ్యంతరాలు వేయించి దరఖాస్తులను ఏళ్ల తరబడి ఆపే పద్ధతి నడుస్తోందన్నది ప్రభుత్వ వాదన. అందులో నిజం ఉంది. కానీ కంపెనీల మధ్య ఎత్తుగడలకు వేసిన తాళం పొలం నుంచి వచ్చే మాటకు అడ్డు పడకూడదు. 25(1)(కె) కింద, అంటే స్థానిక సమాజపు జ్ఞానం ఆధారంగా వచ్చే అభ్యంతరాలకు ఫీజు మినహాయించాలని, రాష్ట్ర భాషల్లోనూ వాటిని తీసుకోవాలని మేము భావిస్తున్నాం. లక్ష పేటెంట్లు ఇచ్చిన వ్యవస్థకు ఇది మోయలేని భారం కాదు.

బడి చేయగల పని

ఇందులో బడికి ఏం పని ఉందనుకోవద్దు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, తరగతిలో హిందీ, ఇంగ్లీషు నేర్చే పిల్లలు మన బడుల్లో ఉన్నారు. నాలుగు భాషలు మోయాల్సి రావడాన్ని చాలామంది తల్లిదండ్రులు భారంగానే చూస్తారు. ఈ పనికి మాత్రం సరిగ్గా అలాంటి పిల్లలే కావాలి. తాత తెలుగులో చెప్పింది విని, మరాఠీ పేరు పక్కన రాసి, హిందీలోకి మార్చగల పిల్లవాడు ముంబైలోనూ దొరకడు.

ఏడాదికి ఒక ప్రాజెక్టుగా పిల్లలు తమ ఊరి పనుల పద్ధతులు రాయవచ్చు. పసుపు ఎలా ఉడకబెడతారు, ఎలా ఆరబెడతారు, ధర్మాబాద్ మిరపను ఎలా నిలవ చేస్తారు, విత్తనానికి పురుగు పట్టకుండా ఏం కలుపుతారు. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ, ఎప్పటి నుంచి వాడుకలో ఉందన్న మాట తప్పక రాయాలి. చెప్పినవారి అనుమతి అడగాలి. కొందరు కొన్ని మందులను తమ ఇంటి విద్యగా భావిస్తారు, వారి మాటను గౌరవించాలి. జీవవైవిధ్య చట్టం కింద గ్రామాల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉంటాయి. పంచాయతీతో మాట్లాడి మొక్కలకు సంబంధించిన సమాచారాన్ని అక్కడా చేర్పించవచ్చు.

నోట్‌బుక్ బీరువాలో పడి ఉంటే అది ప్రచురణ కాదు. బడి వార్షిక సంచికలో తేదీతో అచ్చయి, ఒక ప్రతి గ్రంథాలయానికి చేరితే అది ఎవరైనా చూపగల కాగితం అవుతుంది.

ఇక్కడే ఉపాధ్యాయులు గుర్తుంచుకోవలసిన తేడా ఒకటుంది. పాతదాన్ని అచ్చు వేయండి, కొత్తదాన్ని ఆపండి. విద్యార్థి నిజంగా కొత్త పరికరం చేస్తే, దరఖాస్తు పెట్టకముందే దాన్ని సంచికలో వేసినా, వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో పెట్టినా అది లోకానికి తెలిసినట్టే లెక్క. తరువాత ఆ పిల్లవాడి దరఖాస్తుకే అది అడ్డం తిరగవచ్చు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకు చట్టంలో కొంత మినహాయింపు ఉంది గానీ, మామూలు బడి సైన్స్ ప్రదర్శనకు అది వర్తిస్తుందనుకోకూడదు.

పిల్లల ఆలోచనకు నాలుగు ప్రశ్నలు

ఇన్‌స్పైర్-మానక్ పోటీకి ఏటా బడుల నుంచి ఆలోచనలు పంపుతారు. ఎంపికైన ఒక్కో ఆలోచనకు 10 వేల రూపాయలు ఇస్తారు. పంపే ముందు తరగతిలో ఈ నాలుగు ప్రశ్నలు అడగవచ్చు.

ఒకటి, ఇది ఇంతకు ముందు ఎక్కడైనా ఉందా? పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు.

రెండు, ఉన్నవాటిలో దీనికి అన్నిటికంటే దగ్గరిది ఏది, తేడా ఏమిటి? ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే తేడా లేనట్టే.

మూడు, ఆ పని తెలిసిన మనిషి ఏమంటాడు? పరికరం చూపించకుండా సమస్య మాత్రం చెప్పి అడగాలి. ఉదాహరణకు, పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్మును చేత్తో తిప్పలేక చేతులు పడిపోతున్నాయనుకుందాం. ముగ్గురు ఫిట్టర్లను ‘మీరైతే ఏం చేస్తారు?’ అని అడగండి. ముగ్గురూ ‘మోటారు బిగిస్తాం’ అంటే, మోటారు బిగించిన డ్రమ్ము ఉపయోగకరమే కావచ్చు గానీ పేటెంటుకు తగినది కాదు. మీ పిల్లవాడు చేసింది ముగ్గురిలో ఒక్కరికీ తట్టకపోతే, అప్పుడు జాగ్రత్తగా ముందుకు వెళ్లాలి. సుప్రీంకోర్టు 1978లో చెప్పిన పరీక్షను ఎనిమిదో తరగతి పిల్లలు ఒక మధ్యాహ్నంలో చేసి చూడవచ్చు.

నాలుగు, ఆ తేడా వల్ల ఎవరికి ఏం మేలు? ఎంత సమయం, ఎంత నొప్పి, ఎంత ఖర్చు తగ్గింది? మల్లేశం యంత్రానికి ఈ జవాబు ఒక్క మాటలో ఉంది.

కాగితం చూసి మోసపోవద్దు

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ‘మీ అబ్బాయికి పేటెంటు ఇప్పిస్తాం’ అని డబ్బు అడిగేవారు ఉంటారు. దరఖాస్తు సంఖ్య పేటెంటు కాదు. మామూలుగా 18 నెలల తరువాత ప్రతి దరఖాస్తూ పేటెంటు ఆఫీసు పత్రికలో ప్రచురితమవుతుంది. ఆ ప్రచురణా పేటెంటు కాదు. పరిశీలన కోసం విడిగా కోరాలి, దానికి ఫీజు కట్టాలి, వచ్చిన అభ్యంతరాలకు జవాబివ్వాలి. ఇవన్నీ దాటాకే మంజూరు. వస్తువు రూపానికి ఇచ్చే డిజైన్ నమోదు పూర్తిగా వేరే చట్టం కిందిది. దాని సర్టిఫికెట్‌ను పేటెంటని చూపితే నమ్మవద్దు. ఒక వ్యక్తి ఆన్‌లైన్‌లో పేటెంటు దరఖాస్తు పెట్టడానికి ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు, పరిశీలనకు 4,000. ఎవరైనా పెద్ద మొత్తం అడిగితే, అందులో ప్రభుత్వానికి వెళ్లేది ఎంత, తమకు మిగిలేది ఎంత అని నిలదీయండి. పల్లె సృజన లాంటి స్వచ్ఛంద సంస్థలు, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ గ్రామీణ ఆవిష్కర్తలకు అండగా ఉంటున్నాయి. మల్లేశం లాంటివాళ్లు వెలుగులోకి వచ్చింది ఆ దారిలోనే.

పేటెంటు రాలేదంటే పిల్లవాడు ఓడిపోయినట్టు కాదన్నది కూడా ఇంట్లో చెప్పాలి. మోటారు బిగించిన డ్రమ్ము ఊరికి పనికొస్తే అది మంచి పనే. ఎవరికీ హక్కు లేని మంచి పనులు ఎన్ని ఉంటే ఊరికి అంత మేలు. పేటెంటు చట్టం ఇట్టే తట్టే పనులను బయట ఉంచేది అందుకే. పనివాడు రోజూ చేసే మెరుగుదలలు అందరివిగా మిగలాలి.

పేటెంటు ఆఫీసు పత్రిక ప్రతి శుక్రవారం వస్తుంది. వచ్చే ఏళ్లలో అందులో పసుపు, మిరప, నూలు, విత్తనాల మీద దరఖాస్తులు వస్తూనే ఉంటాయి. వాటిలో కొన్ని నిజమైన ఆవిష్కరణలు, కొన్ని మన ఊళ్లలో ఎప్పటి నుంచో చేస్తున్న పనులు. రెంటినీ వేరు చేయగల సమాచారం ముంబైలో లేదు, మన గడపలో ఉంది. దాన్ని పెద్దల నోటి నుంచి కాగితం మీదికి తేవడం ఈ విద్యాసంవత్సరంలోనే మొదలుపెట్టగల పని.